కార్జం అడిగితే నామోషీ ఏంటి?

విస్కాన్సిన్ రాష్ట్రానికి నైరుతి మూలన, గుట్టల మధ్య పాడిపశువుల పల్లె మాది. మాది అంటే, ఇప్పుడుంటున్నది. పుట్టింది జనగామ పక్కన. ఇక్కడి హార్డ్‌వేర్ షాపులో కౌంటరు చూసుకుంటాను. మేకులు, పెయింటు డబ్బాలు, మంచు ఎత్తే పారలతో పాటు వేట లైసెన్సులూ మా దగ్గరే ఇస్తాం. థ్యాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగే తుపాకీ వేట దగ్గర పడుతోందంటే ఊరు ఊరంతా నారింజ రంగులోకి మారిపోతుంది. చెట్ల చాటున ఉన్నవాణ్ని జింక అనుకుని కాల్చకుండా ఆ రంగు బట్టలు వేసుకోవాలని చట్టం. 2016 నుంచి మెరిసే గులాబీ రంగుకూ ఒప్పుకున్నారు గానీ, మా ఊరి మగవాళ్లు దాన్ని ముట్టుకోరు.

ఆ తొమ్మిది రోజుల్లోనే ఈ రాష్ట్రంలో లక్షన్నరకు పైగా జింకలు పడతాయి. తొడలు, జబ్బలు, వెన్ను మాంసం ఇంటికొస్తాయి. కార్జం, గుండెకాయ, గుర్దాలు చాలామటుకు అడవిలోనే మంచు మీద పడి ఉంటాయి. ఒక్కో జింకలో కార్జం తక్కువలో తక్కువ కిలో అనుకున్నా మొత్తం 150 టన్నుల లెక్క తేలుతుంది. అందరూ పారేస్తారని అనను. సగం మందే పారేశారనుకున్నా 75 టన్నులు. హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు వరుసలో నిలబడి, ‘భాయ్, కలేజీ కొంచెం ఎక్కువ వెయ్యి’ అని బతిమాలినవాళ్లకు ఈ అంకె ఎక్కడ గుచ్చుకుంటుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే నేను అడుగుతాను. వేటగాళ్లు వద్దనుకున్నది అడిగి తెచ్చుకుని వండుకోవడంలో తలదించుకోవాల్సిందేమీ లేదని నా వాదన. కాకపోతే ఏది అడగాలో, ఏది ఊరికే ఇస్తామన్నా వద్దనాలో తెలిసుండాలి. ఈ రెండో సంగతికే ఎక్కువ చోటు కావాలి.

ముందు అది అడవిలో ఎందుకు ఉండిపోతుందో చూద్దాం. జింక పడ్డాక లోపలి వేడి తగ్గకపోతే మాంసం పాడవుతుంది. అందుకని పడ్డచోటే వెల్లకిలా తిప్పి, పొత్తికడుపు నుంచి రొమ్ము ఎముక దాకా కత్తి పోనిచ్చి, లోపలిదంతా ఒక్కసారిగా బయటకు లాగేస్తారు. చేతులు కొంకర్లు పోయే చలి. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఇంకా జింకను అర మైలు ఈడ్చుకుపోవాలి. అలాంటప్పుడు ఆ కుప్పలో చెయ్యి పెట్టి కార్జం వెతికి, వేరు చేసి, కడిగి, కవరులో వేసే ఓపిక ఎవరికుంటుంది? ఇంటి దగ్గర దాన్ని వండేవాళ్లుంటే ఉంటుంది. లేకపోతే ఉండదు. బద్ధకం కన్నా ఇదే అసలు సంగతి అని నాకు ఇక్కడి ముసలివాళ్లతో మాట్లాడాకే అర్థమైంది.

మా షాపుకు రోజూ వచ్చి, ఏమీ కొనకుండా కాఫీ తాగి వెళ్లే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. పాడి మానేసి చాలాకాలమైంది. తాతలు నార్వే నుంచి వచ్చారట. ఆయన చిన్నప్పుడు వేట గుడిసెలో మొదటి రాత్రి వంట అంటే కార్జమే. ఇనప పెనం మీద పంది కొవ్వు, నిలువుగా తరిగిన ఉల్లిపాయలు, పైన పలుచటి కార్జం ముక్కలు. మొదటి జింక కొట్టినవాడికి మొదటి ముక్క. గుండెకాయను ఉడకబెట్టి, సిర్కాలో ఉల్లిపాయలతో, మసాలాలతో ఊరేసి క్రిస్మస్ దాకా దాచుకునేవాళ్లట. ‘మీ మనవళ్లు తింటారా?’ అనడిగాను. నవ్వాడు. మనవళ్లు జింకను నేరుగా మాంసం షాపుకు తీసుకెళ్లి దించేస్తారు. వంద డాలర్లకు పైగా ఇచ్చి, రెండు మూడు వారాల తర్వాత వెళ్తే సాసేజ్‌లు, మిరియాలు అద్దిన ఎండు మాంసం పుల్లలు, ఖీమా పొట్లాలు డబ్బాలో సర్ది ఇస్తారు. కార్జం ఊసే లేదు. ఆయన భార్య పోయాక ఆ ఇంట్లో దాన్ని వండేవాళ్లూ లేరు. మొదటిసారి నాకు కార్జం ఇచ్చింది ఆయనే. నేను వండి పట్టుకెళ్లిన డబ్బాలోంచి ఆయన తిన్నదీ మా కౌంటరు దగ్గరే. కారానికి ముక్కు తుడుచుకుంటూనే తిన్నాడు.

అమెరికావాళ్లకు ఏదీ విలువ తెలియదు, పారేస్తారు అని మన వాట్సాప్ గ్రూపుల్లో తరచూ చూస్తుంటాను. ఆ మాట నేను అనను. హైదరాబాద్ వచ్చినప్పుడు మా అక్క కూతురింట్లో చూశాను. మాంసం ఫోన్‌లో ఆర్డరు పెడతారు. ట్రేలో బోన్‌లెస్ ముక్కలు వస్తాయి. వాళ్ల పిల్లవాడికి కోడి కందనకాయ అంటే ఏమిటో తెలియదు. చూపిస్తే ‘ఛీ’ అన్నాడు. బోటి శుభ్రం చేయడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. ఇంటికి పనికి వచ్చే ఆమెకు వచ్చు గానీ ఆమెను ఎవరూ అడగరు. ఇక్కడి మనవళ్లకూ అక్కడి పిల్లలకూ తేడా నాకేమీ కనపడలేదు. చేతిలో డబ్బు కాస్త ఆడగానే మొదట ఇంట్లోంచి పోయేది ఇలాంటి వంటే.

మా ఊళ్లో దసరాకో, బోనాలకో నలుగురైదుగురు కలిసి పొట్టేలును కోసినప్పుడు పోగులు వేసేవాళ్లు. తాటాకు చాప మీద వరసగా కుప్పలు. తూకం రాళ్లు లేవు, కళ్లే తూకం. ప్రతి కుప్పలోనూ కొంచెం తొడ, కొంచెం పక్కటెముక, కొంచెం బోటి, వేలెడంత కార్జం ముక్క ఉండి తీరాలి. గుండెకాయ చిన్నది కదా, దాన్ని కూడా ఎన్ని పోగులుంటే అన్ని ముక్కలు చేసేవాళ్లు. తొడ మాంసం అటూ ఇటూ అయినా ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. కార్జం పడని పోగు వచ్చిందంటే మాత్రం మా మేనమామ చాప దగ్గర్నుంచి లేచేవాడు కాదు. పంపకం సరిగ్గా జరిగిందా లేదా అని చూసేదే ఆ ముక్కతో. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని. కార్జాన్ని మంచులో వదిలేసి నడిచిపోవడం చూస్తే నాకు కాళ్లు కదలవు.

మా అమ్మకు ఈ సంగతి ఫోన్‌లో చెప్పినప్పుడు సంతోషిస్తుందనుకున్నాను. ‘ఆళ్లు పారేసింది నువ్వు తెచ్చుకునుడేందే? పైసలకేమన్న కొదువైందా?’ అంది. ‘పారేసింది కాదమ్మా, పారేసేలోపే అడుగుతున్న’ అన్నాను. ‘అడుక్కునుడే గదా’ అని పెట్టేసింది. ఇక్కడి మనవాళ్లలోనూ ఇదే మాట, కాస్త నాజూగ్గా. ఓ తెలుగువాళ్ల భోజనాల్లో ఒకావిడ, ‘మీరు ఎవరెవరిదో తెచ్చుకుంటారటగా’ అంది. ఆవిడే మడిసన్‌లో మేక మాంసం పౌండు పది డాలర్లు దాటిందని అంతకు ముందే బాధపడింది. ఇంకొకాయనకు జింక అనగానే సీతమ్మ, బంగారు లేడి గుర్తొచ్చాయి. అప్పటికి ఆయన ప్లేటులో మేక బిర్యానీ రెండోసారి వడ్డించుకుని ఉంది. వద్దనుకునేవాళ్లు వద్దనుకోవచ్చు. మాంసమే ముట్టనివాళ్లతో నాకు వాదన లేనే లేదు. జింకను చంపడం పాపమనే తూకం మేక దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మారుతుందో మాత్రం నాకు బోధపడదు.

నేను ఎలా తెచ్చుకుంటానో చెబుతాను. తుపాకీ పట్టను. మా ఆయనా పట్టడు. సీజను మొదలయ్యే ముందే, తెలిసినవాళ్లతో ఓ మాట అనేసి ఉంచుతాను. జింక పడ్డాక ఫోన్ చేస్తారు. దగ్గర్లో ఉన్న పొలమైతే నేనే వెళ్తాను, ఒక బకెట్టు, పొడుగు చేతి తొడుగులు, చిన్న కత్తి పట్టుకుని. పోయిన సీజనులో ఒక పొలం గట్టు మీద, కోసేసిన మొక్కజొన్న మోళ్ల మధ్య, ఆడ జింకను అప్పుడే చీల్చారు. లోపలి నుంచి ఆవిరి లేస్తోంది. కుప్పలో పొట్ట తెల్లగా, ఉబ్బి, ఫుట్‌బాలంత. దాని పైన, ఊపిరితిత్తులకు ఆనుకుని కార్జం. ముదురు ఎరుపులో, దాదాపు వంకాయ రంగులో, అంచులు పలుచగా, తాకితే జారిపోతూ. నేను అలవాటుగా చేదుకట్టు కోసం వేళ్లతో తడిమాను. మేకలోనైనా కోడిలోనైనా అది చితికిందంటే ఆ పూట కూర చేదే కదా. పక్కనున్న వేటగాడు, ‘ఏం వెతుకుతున్నారు?’ అన్నాడు. జింకకు చేదుకట్టు ఉండదు. మేకకు, గొర్రెకు, ఆవుకు ఉంది, జింక జాతికి లేదు. ఆ సంగతి చదివి తెలుసుకున్నదే, అయినా చెయ్యి మాత్రం ఇప్పటికీ వెతుకుతూనే ఉంటుంది.

కార్జాన్ని అక్కడే రెండు వైపులా తిప్పి చూడాలి. పైన తెల్లటి మచ్చలు గానీ, చీము గడ్డలు గానీ ఉంటే వద్దు. కత్తితో ఒక గాటు పెట్టి లోపల చూడాలి. గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల జింకల కార్జంలో ఆకులాగా చదునుగా ఉండే పెద్ద పురుగు చేరి, లోపల నల్లటి సొరంగాలు తవ్వుతుంది. అది మనుషులకు సోకదంటారు. సోకకపోయినా అది చూశాక తినబుద్ధి కాదు, పక్కన పెట్టేస్తాను. తూటా పొట్టలోంచి పోయి, పేగులు తెగి, లోపలంతా పచ్చగా పరుచుకుంటే అసలు ఏదీ తీసుకోను. గుండెకాయ సంగతి అదృష్టం. మంచి గురిగాళ్లు జబ్బ వెనక కొడతారు. ఒక్కోసారి గుండెకాయ సగమే మిగులుతుంది. గుర్దాలు గట్టి తెల్లటి కొవ్వులో పాతిపెట్టినట్టుంటాయి. ఆ కొవ్వును వేళ్లతో చీల్చి తీయాలి.

ఆ కొవ్వు ఇంటికి తేవొద్దు. జింక కొవ్వు తొందరగా గడ్డకడుతుంది. వేడివేడిగా తిన్నా రెండో ముద్దకు అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. కూరలో ఏదో వాసన అని చాలామంది జింకను వదిలేసేది దీనివల్లే. కార్జాన్ని ఉప్పు నీళ్లలో ఓ గంట వేసి, ఆ నీళ్లు పారబోసి, పైపొర గోటితో పట్టి లాగేయాలి. పలుచటి కాగితంలా వచ్చేస్తుంది. లోపలి గొట్టాలు తీసేయాలి. వేలు మందాన ముక్కలు. బాణలిలో నూనె కాస్త ఎక్కువే, ఉల్లిపాయలు ఎర్రగా, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లంవెల్లుల్లి పచ్చివాసన పోయేదాకా, పసుపు, కారం, ధనియాల పొడి. ముక్కలు వేశాక మంట పెద్దది. ఉప్పు చివర్న. ముందే వేస్తే నీరూరి, ముక్క బిగుసుకుంటుంది. దించే ముందు దంచిన మిరియాలు. పది నిమిషాలు దాటితే రబ్బరే. గుండెకాయకు పద్ధతి వేరు. అది పనిచేసే కండ. తెరిచి, గడ్డకట్టిన నెత్తురు కడిగి, లోపలి దారాల్లాంటివి, పైన గట్టి కొవ్వు తీసేసి, అడ్డంగా పలుచగా కోయాలి. ఎండుకొబ్బరి, గసగసాలు నూరి వేపుడు చేస్తే మటన్ తినేవాడు కూడా తేడా పట్టలేడు. ఊరేసిన గుండెకాయ గురించి ఆ పెద్దాయన చెప్పాక నేను ఆవపిండి, నిమ్మరసం, కారం వేసి పచ్చడి పెట్టాను. అది ఆయనకు నచ్చలేదు. సిర్కాదే బాగుంటుందట. ఆ పట్టుదల నాకు నచ్చింది.

ఇక అసలు భయం. నేనున్న ప్రాంతం ఒక రోగానికి పేరుపడింది. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, పొట్టిగా సీడబ్ల్యూడీ. జింక చిక్కి శల్యమై, చొంగ కారుస్తూ, తూలుతూ చస్తుంది. 1967లో కొలరాడోలో ఒక పరిశోధనా కేంద్రంలో మొదట కనపడింది. విస్కాన్సిన్‌లో 2002 ఫిబ్రవరిలో బయటపడింది. మౌంట్ హోరెబ్ ఊరి దగ్గర అంతకు ముందు నవంబరులో కొట్టిన జింకల నమూనాల్లో దొరికింది. మిసిసిపీ నదికి తూర్పున అడవి జింకల్లో అదే మొదలు. ఇప్పుడు ఈ మూల కొన్నిచోట్ల ఈడొచ్చిన మగ జింకల్లో మూడోవంతుకు పైగా దీని బారినపడ్డవే. రోగమున్న జింకల్లో చాలావాటికి పైకి ఏ లక్షణమూ కనపడదు. బలిసి, నిగనిగలాడుతూ ఉంటాయి. రోగకారకం క్రిమి కాదు, మడత తప్పిన ప్రొటీను. దాన్ని ప్రియాన్ అంటారు. ఉడికించినా, వేయించినా, ప్రెషర్ కుక్కర్లో ఎన్ని కూతలు రానిచ్చినా పోదు. మనిషికి ఇది సోకినట్టు ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అయితే బ్రిటన్‌లో పిచ్చి ఆవు రోగం గురించీ మొదట అలాగే అనుకున్నారు. 1996లో అది మనుషులకు వచ్చిందని ఒప్పుకోవాల్సి వచ్చింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పేది సూటిగా ఉంది. రోగమున్న ప్రాంతంలో కొట్టిన జింకకు పరీక్ష చేయించండి, ఉందని తేలితే తినకండి.

పరీక్షకు ఇక్కడ డబ్బు తీసుకోరు. ఊరి బయట సహజ వనరుల శాఖ పెట్టిన పెట్టె ఉంటుంది. జింక తలను మెడ కొంచెం ఉంచి కోసి, సంచిలో కట్టి, చీటీ రాసి అందులో వేసి రావాలి. గొంతు వెనక ఉండే లింఫు కణుపులు తీసి చూస్తారు. ఫలితం రావడానికి రెండు వారాలు అటూ ఇటూ పడుతుంది. అందుకే నేను తెచ్చిన ప్రతి కార్జం, ప్రతి గుండెకాయ విడివిడి కవర్లలో ఫ్రీజరులోకి వెళ్తాయి. పైన వేటగాడి పేరు, రిజిస్ట్రేషను నంబరు, తేదీ. ఇక్కడ జింకను కొట్టిన మర్నాడు సాయంత్రం ఐదులోపు నమోదు చేసుకోవాలి, అప్పుడు వచ్చే నంబరది. పరీక్ష ఫలితం చూపించాకే కవరు విప్పుతాను. రోగముందని ఫోన్ వచ్చిన కవర్లను కట్టుకట్టి, జింక వ్యర్థాల కోసం పెట్టిన పెద్ద చెత్త తొట్టిలో వేసి వస్తాను. చేతికందిన కార్జాన్ని నేనే తీసుకెళ్లి పారేయడం. మేనమామ చూస్తే ఏమనేవాడో.

మనకు ప్రాణంతో సమానమైనవి కొన్ని ఇక్కడ ముట్టుకోకూడదు. భేజా వద్దు. వెన్నుపాము వద్దు. కళ్లు వద్దు. హైదరాబాద్‌లో తిల్లి (ప్లీహం) తినేవాళ్లకు బాధే గానీ, అదీ వద్దు. ప్రియాన్లు ఎక్కువగా పోగయ్యేది వీటిలోనే. పేగుల గోడల్లోనూ లింఫు కణజాలం ఉంటుంది, కాబట్టి బోటి ఆశ వదులుకున్నాను. తల పరీక్షకు వెళ్తుంది కాబట్టి తలకాయ కూర, నాలుక మాట ఎత్తను. ‘మనవాళ్లు అన్నీ తినేవాళ్లే కదా, అరిగించుకుంటారు’ అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. ఊళ్లో తిన్నది మేక. ఈ రోగం మేకకు లేదు. ఇక్కడ గొప్పలకు పోయి లాభం లేదు.

రోగం ఒక్కటే అయితే పరీక్షతో పోయేది. కార్జం చేసే పనే విషాన్ని పట్టి ఆపడం. చుట్టుపక్కల ఏముందో అది దానిలో చేరుతుంది. ఇదే రాష్ట్రానికి ఈశాన్యాన మారినెట్ అనే ఊరుంది. మంటలార్పే నురుగును పరీక్షించే కేంద్రం నుంచి పీఫాస్ రసాయనాలు భూమిలోకి, నీళ్లలోకి చేరాయి. 2020లో అధికారులు ఆ చుట్టూ ఐదు మైళ్ల లోపు జింకల కార్జం తినొద్దన్నారు. మాంసం తినొచ్చన్నారు, కార్జమే వద్దు. పక్క రాష్ట్రం మిషిగన్‌లో ఆస్కోడా దగ్గర 2018లో జింక మాంసమే వద్దన్నారు. కార్జం, గుర్దాల విషయంలో రాష్ట్రమంతటికీ అదే సలహా. కాబట్టి మిషిగన్‌లో ఉన్న మనవాళ్లు ఈ వ్యాసం చదివి బకెట్టు పట్టుకుని బయల్దేరొద్దు. సీసం సంగతీ అంతే. సీసపు తూటా ఎముకకు తగిలి, కంటికి కనపడనంత చిన్న పలుకులై గాయానికి దూరంగా కూడా చెదురుతుంది. గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు సీసపు తూటాతో కొట్టిన మాంసం తినకపోవడమే మంచిదని 2008లో నార్త్ డకోటా ఆరోగ్య శాఖ చెప్పింది. కార్జంలో ‘ఎ’ విటమిన్ ఎక్కువ, అది అతిగా అందినా గర్భిణులకు మంచిది కాదు. నేను ఫోన్‌లో మొదట అడిగేది తూటా రాగిదా, సీసమా అని. సీసమై, అది కార్జానికి దగ్గరగా పోయి ఉంటే థ్యాంక్స్ చెప్పి పెట్టేస్తాను.

అడవిలో వదిలేస్తే నక్కలు, కాకులు, గద్దలు తింటాయి కదా, వాటి నోటి కూడు నువ్వెందుకు లాక్కుంటావు అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. నేను తెచ్చేది మూడు వస్తువులు. పొట్ట, పేగులు, ఊపిరితిత్తులు అక్కడే ఉంటాయి, వాటికి బోలెడు. అయితే ఆ కుప్పలో సీసం కూడా ఉంటుంది. 38 రాష్ట్రాల్లో బట్టతల గద్దలు, బంగారు గద్దల మీద చేసిన పరిశోధన 2022లో వచ్చింది. దాదాపు సగం గద్దల ఒంట్లో ఏళ్ల తరబడి పేరుకున్న సీసం దొరికింది. గద్దలకు మేలు చేయాలంటే కార్జం వదలడం కాదు, తూటా మార్చాలి. మా షాపులో రాగి తూటాలు అమ్ముతాం. ఖరీదు ఎక్కువ అని గొణుగుతారు. కొన్నవాళ్లకు నేనేమీ తగ్గించలేను, ఓనరు నేను కాదు.

చట్టం ఏమంటుందని కూడా అడుగుతారు. ఇక్కడ అడవి జింక మాంసం అమ్మకూడదు, ఇవ్వొచ్చు. హోటళ్లలో దొరికే జింక మాంసం ఫారాల్లో పెంచినది, చాలావరకు న్యూజీలాండ్ నుంచి వచ్చేది. దీని వెనక కథ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో బజారు కోసం కొట్టి కొట్టి, 1900 నాటికి ఈ దేశం మొత్తంలో తెల్లతోక జింకలు ఐదు లక్షల లోపుకు పడిపోయాయి. ఆ ఏడే లేసీ చట్టం వచ్చింది. అమ్మకం ఆగింది, సీజన్లు, లైసెన్సులు వచ్చాయి. ఇప్పుడు దాదాపు మూడు కోట్లు. పొలాలు మేస్తాయి, కార్లకు అడ్డం పడతాయి, వేట లేకపోతే రైతు బతకలేడు. డబ్బు చేతులు మారనంత వరకు ఇచ్చిపుచ్చుకోవడానికి ఈ ఏర్పాటులో చోటుంది. నేను డబ్బివ్వను. పచ్చడి సీసా ఇస్తాను. రాష్ట్రం మారితే కాగితం మారుతుంది. డాలస్, ఆస్టిన్ వైపు ఉన్న మనవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, టెక్సాస్‌లో వేటగాడు సంతకం చేసిన పత్రం లేకుండా జింకలో ఏ భాగమూ మీ దగ్గర ఉండకూడదు. సీడబ్ల్యూడీ అక్కడా 2012 నుంచి ఉంది. ఇక ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇది చదువుతున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు గానీ చెబుతాను. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను కొట్టినవాడూ, కూర వండుకున్నవాడూ జైలుకే. తెలంగాణకు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక రాష్ట్ర జంతువులు. అక్కడ అదే న్యాయం. ఇక్కడ మూడు కోట్లున్న లెక్కను అక్కడికి మోసుకెళ్లొద్దు.

‘తినదగిన భాగాన్ని వృథా చేయరాదు’ అని అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నియమముంది. చదివితే ముచ్చటేస్తుంది. అడుగున ఏది తినదగినదో రాసిన చోట మాత్రం అవయవాలుండవు. అలాస్కా నియమాల్లో తల మాంసం, లోపలి అవయవాలు ఆ లెక్కలోకి రావని విడమర్చి రాశారు. దీన్ని మార్చి కార్జం కూడా తప్పనిసరి చేయాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. సీడబ్ల్యూడీ, పీఫాస్ ఉన్నచోట తప్పనిసరి చేసి ఏం చేస్తారు? అడవిలో వదలాల్సింది తెచ్చి ఇంట్లో చెత్తబుట్టలో వేస్తారు. పేదలకు జింక మాంసం పంచే కార్యక్రమం విస్కాన్సిన్‌లో 2000 నుంచి నడుస్తోంది, మంచి పని. అక్కడికి కూడా జింక కడుపు ఖాళీ చేశాకే చేరుతుంది. ఏం చేసినా ఆ చీల్చే చోటే, ఆ పది నిమిషాల్లోనే జరగాలి. దానికి చట్టం కన్నా వండేవాళ్లు కావాలి. వేటగాడికి ‘ఇది ఎవరో తింటారు’ అని తెలిస్తే చాలు, చేతులు కొంకర్లు పోతున్నా తీసి పక్కన పెడతాడు. చూశాను కాబట్టి చెబుతున్నాను. ఈ రాష్ట్రంలో హ్మాంగ్ కుటుంబాలు చాలా ఉన్నాయి. లావోస్ కొండల నుంచి యుద్ధం తరుముకొస్తే వచ్చినవాళ్లు. వాళ్ల వేటగాళ్లు కార్జం వదలగా నేను చూడలేదు, వాళ్ల ఇళ్లలో దానికి ఎదురుచూసేవాళ్లున్నారు మరి.

అందుకే ఓనరును ఒప్పించి, లైసెన్సు తీసుకున్న ప్రతివాళ్లకూ ఒక జిప్ కవరు, చెరగని సిరా పెన్ను ఊరికే ఇస్తున్నాం. కవరు మీద పేరు, నంబరు, ఏ ఊరి పొలం, ఏ తూటా అని రాసుకునే గీతలు నేనే ఇంట్లో ప్రింటు తీశాను. కొందరు నవ్వి వదిలేస్తారు. కొందరు అందులో సిగరెట్లు పెట్టుకుంటారు. కొందరు నింపి తెస్తారు. ఈసారి నవంబరులో కవరుతో పాటు ఒక చీటీ కూడా పెడదామనుకుంటున్నాను. ఏది కోయాలి, ఏది వదలాలి, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఫ్రీజరులోనే, ఆ తర్వాత ఉప్పు నీళ్లు, పైపొర, పెద్ద మంట, పది నిమిషాలు. మీరే వండుకోండి, వద్దనుకుంటే కౌంటరు దగ్గర ఇవ్వండి అని. ఓనరుకు ఒక్కటే అభ్యంతరం. కరివేపాకు అని రాస్తే అది ఏ వరసలో ఉందని షాపంతా వెతుకుతారట. దానికి అరవై మైళ్లు వెళ్లాలని కింద రాయాల్సి వస్తుందేమో.